సర్దారు గౌతు లచ్చన్నగారి రాజకీయ జీవితము



మాది ఎచ్చెర్ల. శ్రీకాకుళము పట్టణమునకు చేరువగా, విశాఖపట్టణము పోవు రాజమార్గము ప్రక్కనున్న ఊరు. రెవిన్యూ లెక్కలలో మేము శ్రీకాకుళము జిల్లావారము. లోకసభ ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రము విజయనగరము నియోజకవర్గపు ఓటర్లము. అందుచేత రెండు జిల్లాల రాజకీయములును మా రచ్చబండమీదికి వచ్చుచుండును. ఒకనాటి సాయంకాలము ఎవరో ఒక నాయకుడు పార్టీ మారెనన్న వార్తను పత్రికలో చదువుకొనుచుంటిమి. మాలో పెద్దవాడొకడు, "పక్షము మార్చినవానిని ప్రజలెట్లు నమ్ముదురు? ఎద్దును మార్చినట్లు పార్టీని మార్చుట మర్యాదయా?" అని అడిగెను. వెంటనే మరియొకడు, "ఆమాటకు వచ్చినచో మన సర్దారు లచ్చన్నగారు ఎన్ని పార్టీలు మారలేదు? ఆయననుకూడ అందరితోపాటు ఒకే గాటను కట్టుదురా?" అనెను. ఎవ్వరును మారు పలుకలేదు. నన్ను అడిగిరిగాని నేనును తిన్నని సమాధానము చెప్పజాలకపోతిని. నేటి నా ప్రసంగము ఆనాడు చెప్పలేకపోయిన ఆ సమాధానమే.

లచ్చన్నగారు 1909వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన సోంపేట ప్రాంతమందలి బారువ గ్రామమున జన్మించిరి. మా ఎచ్చెర్లకు ఈశాన్యముగా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, మహేంద్రతనయ సముద్రములో కలియు చోటికి దాపున ఉన్న పాత రేవు అది. ఆయన పుట్టునాటికి ఆ ఊరు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాలో ఉండెను. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాకు చేరెను. 1950వ సంవత్సరమున శ్రీకాకుళము జిల్లా పుట్టినప్పుడు దీనిలోనికి వచ్చెను. ఊరు జానెడైనను కదలలేదు; అది ఏ జిల్లాలోనిదని చెప్పుకొను పేరు మాత్రము మారుచు వచ్చినది. ఈ సంగతిని మనసునందుంచుకొనుడు. ముందు దీనితో మనకు పని కలదు.

ఆయన పుట్టిన కుటుంబము కల్లుగీత వృత్తిగాగలది. మోకు నడుమునకు కట్టుకొని, గీతకత్తి మొలను దోపి, తెల్లవారకముందే తాటిచెట్టెక్కువారి బ్రదుకెట్టిదో మన తీరగ్రామములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చెట్టెక్కినవాడు దిగివచ్చువరకు ఇంటివారి ప్రాణములు గుప్పిటనుండును. అట్టి ఇంట పుట్టినవాడు పెద్ద చదువులకు పోవుట ఆ రోజులలో అరుదు. లచ్చన్నగారు మెట్రిక్యులేషను వరకు వచ్చిరి. ఇంతలో 1930వ సంవత్సరము, ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. ఇరువదియొక్క ఏండ్ల యువకుడు చదువు చాలించి, బారువ సముద్రతీరమున సత్యాగ్రహములో దిగి చెరసాలకు పోయెను. నౌపడ ఉప్పుకొఠారులను ఎరిగిన మన ప్రాంతమువారికి, తన కాళ్లముందున్న సముద్రపు ఉప్పును తాకుటకు పరాయి ప్రభుత్వమునకు పన్ను కట్టవలయుననుట ఎంతటి అవమానమో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన విషయము కాదు. 1942వ సంవత్సరపు క్విట్ ఇండియా ఉద్యమమునందును ఆయన చెరసాలకు పోయిరి.

అయితే స్వాతంత్ర్యసమరయోధులు దేశమున అనేకులు కలరు. లచ్చన్నగారిని ప్రత్యేకముగ రైతునాయకునిగ చేసినది జమీందారీ ప్రాంతము. మందస, టెక్కలి, పర్లాకిమిడి మొదలగు జమీందారీల రైతులకు ఇద్దరు ప్రభువులుండిరి: పై ప్రభువు తెల్లదొర, దగ్గరి ప్రభువు జమీందారు. పొలమునకు శిస్తు, కొండమీది కలపకు సుంకము. నాగలికి కర్ర, వంటకు పుల్ల, ఇంటికి వాసము కావలయుననినను అడవి జమీందారుదని కావలివాండ్రు అడ్డగించుచుండిరి. ఇట్టి బాధలను ఎలుగెత్తి చాటుటకు ఆంధ్రరైతులు ఇచ్ఛాపురమునుండి ఒక మహాయాత్ర సాగించిరి. రెండువేలకు పైబడిన రైతులు 130 దినములు, 1,500 మైళ్లకు పైగా, తొమ్మిది జిల్లాలగుండ నడచి, 1938వ సంవత్సరము మార్చినెలలో తమ అర్జీలను మద్రాసు శాసనసభకు అందజేసిరి. ఆ యాత్రకు మొదటి అడుగు పడినది మన ఉత్తరపు కొసనుండియే యని మన పిల్లలకు చెప్పవలసియున్నది.

ఈ రైతు ఉద్యమమునకు మూలపురుషుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్. జి. రంగాగారు. ఆక్స్‌ఫర్డులో చదివివచ్చిన ఆచార్యుడు రంగాగారు; తాటితోపుల మధ్య పెరిగిన కార్యకర్త లచ్చన్నగారు. ఈ ఇరువురికిని ఏర్పడిన గురుశిష్యబంధము ఆంధ్రదేశ రాజకీయములలో అనేక మలుపులకు కారణమయ్యెను. 1940వ సంవత్సరము మార్చి నెలాఖరున అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగెను. ఆ సభలు ముగిసి వారమైనను కాకమునుపే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున అడవి కలప తగాదాలో పోలీసులు కాల్పులు జరిపిరి. రైతులను పట్టుకొనిపోకుండ ఎదురు నిలిచిన గున్నమ్మ అను నిండుచూలాలు, మరికొందరు రైతులు ప్రాణములు విడిచిరి. వీరగున్నమ్మ పేరు నేటికిని మన జిల్లాలో తలచని రైతుసభ లేదు. లచ్చన్నగారి రాజకీయము ఈ నేలమీద, ఈ నెత్తుటి తడిలో పెరిగినది. 'సర్దారు' అను బిరుదు ప్రజలు పెట్టుకొన్న పిలుపు.

స్వాతంత్ర్యము వచ్చెను. 1948వ సంవత్సరపు మద్రాసు ఎస్టేట్ల చట్టముచే జమీందారీలు రద్దయ్యెను. ఇక రైతునకు ప్రత్యేకముగ పార్టీ యెందుకని అనేకులనుకొనిరి. 1951వ సంవత్సరమున ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి జరిగిన పోటీలో రంగాగారు నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయిరి. అటుపిమ్మట ఆయన కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. లచ్చన్నగారు గురువు వెంట నడచిరి. ఇది మొదటి మార్పు. పదవి దక్కనందున పార్టీ పెట్టిరని విమర్శకులనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఓటమి లేనిదే ఆ చీలిక ఆనాడే వచ్చియుండునా యనుట సందేహమే. కాని పార్టీ పెట్టుట ఒకటి, దానిని బ్రదికించుట మరియొకటి. 1952వ సంవత్సరపు మద్రాసు శాసనసభ ఎన్నికలలో 375 స్థానములకుగాను కాంగ్రెసునకు 152, కమ్యూనిస్టులకు 62, ప్రకాశంగారు చేరియున్న కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి 35 రాగా, కృషికార్ లోక్ పార్టీకి వచ్చినవి 15 మాత్రమే. సోంపేటనుండి గెలిచిన లచ్చన్నగారు ఆ పదునైదుగురిలో ఒకరు. ఎవ్వరికిని పూర్తి బలము లేని సభలో పదునైదు ఓట్లు చిన్నవి కావు. తూకము సమముగ నిలిచినపుడు గురిగింజయైనను పళ్లెమును వంచును.

ఆ వంచుటయే రెండేండ్లకు జరిగినది. ఈ ఘట్టమును కొంత నిదానముగ చెప్పెదను, ఏలయన లచ్చన్నగారిని మెచ్చువారును తప్పుపట్టువారును ఇక్కడనే విడిపోవుదురు.

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రియైరి. మద్రాసునుండి మనకు వచ్చిన ఆస్తులలో మద్యనిషేధమొకటి. రాజాజీగారు 1937లో సేలము జిల్లాలో ఆరంభించిన ఆ నిషేధము 1948 నాటికి రాష్ట్రమంతటను వ్యాపించెను. గాంధీమహాత్ముని ఆశయము గొప్పదే. కాని కల్లును మాన్పించిన ప్రభుత్వము కల్లుగీచి బ్రదుకువానికి మరియొక బ్రదుకు చూపలేదు. తాగువానికి పోయినది అలవాటు. గీయువానికి పోయినది అన్నము. చాటుగ గీచినచో కేసు, గీయనిచో పస్తు. రామమూర్తిగారి సంఘము ఈ విషయమును విచారించి నిషేధమును ఎత్తివేయుటయే మేలని సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని అమలు జరుపలేదు. లచ్చన్నగారు గీతకార్మికులను కూడగట్టి సత్యాగ్రహము నడిపిరి. ఉప్పు చేసి చెరసాలకు పోయిన ఖద్దరుధారి ఇప్పుడు చెట్టుగీత హక్కుకొరకు జనులను చెరసాలకు నడిపించుచుండెను.

1954వ సంవత్సరము నవంబరు 6వ తేదీన శాసనసభలో అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చినది. మద్యనిషేధ విషయమే ఆనాటి వాదమునకు ముఖ్యాంశము. ప్రభుత్వము ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. ప్రకాశంగారికి అప్పటికి ఎనుబదిరెండేండ్లు. తెల్లవాని తుపాకికి రొమ్ము చూపిన ఆ వృద్ధసింహము పదుమూడు నెలలకే పదవి విడువవలసివచ్చెను.

మా ఇంట ప్రకాశంగారి పటముండెడిది. ఆ పటముక్రింద కూర్చుండి మా పెద్దలు లచ్చన్నగారిని నిందించుట నా చిన్నతనమున వింటిని. "కల్లుకుండకొరకు కేసరిని కూల్చిరి" అని వారందురు. నేనును అనేక సంవత్సరములు అట్లే అనుకొంటిని. తరువాత మా మండలపు సముద్రతీర గ్రామములలో తిరుగునప్పుడు గీతవృత్తివారి ముసలివారితో మాటలాడు అవకాశము కలిగెను. ఆ నిషేధపు రోజులలో మోకును చూరున దాచి, కూలిపనికి దూరదేశములు పోయిన తమ తండ్రుల సంగతి వారు చెప్పిరి. ఆ మాటలు విన్నపిదప నాకు తోచినదేమనగా, మా పెద్దలకు ప్రకాశంగారు ఎంత ముఖ్యులో, ఆ ఇండ్లవారికి వారి అన్నము అంత ముఖ్యము. మనము 'కల్లుకుండ' అన్నదానిని వారు 'కుండలో గంజి' అందురు. నాయకుడు ఒక పక్షమున నిలువక తప్పనివేళ లచ్చన్నగారు గంజివైపు నిలిచిరి. దానివలన ఆంధ్రరాష్ట్రము పసితనముననే రాష్ట్రపతిపాలన చవిచూచినదన్న బాధ్యతనుండి మాత్రము ఆయనను విడిపింపజాలము. రెండును నిజములే.

ఇక తరువాతి కథ మరింత చిక్కైనది. 1955వ సంవత్సరపు ఎన్నికలలో కమ్యూనిస్టులను ఓడించుటకై కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపార్టీలు ఒక్కటియయ్యెను. 196 స్థానములలో కాంగ్రెసు 119, కృషికార్ లోక్ 22 గెలిచెను. కమ్యూనిస్టులకు దక్కినవి 15. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గములో లచ్చన్నగారు మంత్రియైరి. ఏ కాంగ్రెసును విడిచి వచ్చిరో దానితోనే కూడి పదవి పొందిరి. ఏ నిషేధముకొరకు ఒక ప్రభుత్వము పడినదో, ఆ నిషేధమును ఈ ప్రభుత్వమును ఎత్తివేయలేదు. చెరసాలకు పోయిన గీతకార్మికుడు, "అయ్యా, నాకేమి వచ్చెను?" అని అడిగియుండినచో మంత్రిగారు ఏమని బదులు చెప్పియుందురు? ఆయన జీవితములో నాకు మిక్కిలి బరువుగ తోచు ప్రశ్న ఇదియే.

ఇట్టి చిక్కు మన రైతునాయకునికే కాదు, ఇతర దేశపు రైతునాయకులకును వచ్చినది. యూరపు ఖండమున క్రొయేషియా అను చిన్నదేశము కలదు. అక్కడ సావా నదీతీరపు గ్రామములో పేదరైతు ఇంట 1871వ సంవత్సరమున స్తేపాన్ రాదిచ్ అనునాయన జన్మించెను. 1904వ సంవత్సరమున ఆయన తన అన్నతో కలిసి రైతుపార్టీని స్థాపించెను. పొలము దున్నువాడు తన మాటను తానే చెప్పుకొనవలయునని ఆయన బోధ. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపిదప క్రొయేషియా సెర్బులతో కలిసి ఒకే రాజ్యమైనప్పుడు, రాజును ఒప్పుకొననని, గణతంత్రమే కావలయునని ఆయన పట్టుపట్టి చెరసాలలపాలయ్యెను. అట్టివాడు 1925వ సంవత్సరమున చెరలోనుండియే రాజరికమును అంగీకరించి, ఆ యేడే విద్యామంత్రియయ్యెను! నిన్నటి శత్రువుతో నేడు చేయి కలిపెనని లోకము ఆశ్చర్యపడెను. అయినను ఆ పదవిలో ఆయన ఎక్కువకాలము నిలువలేదు. మరల ప్రతిపక్షమునకు మరలెను. 1928వ సంవత్సరము జూన్ 20వ తేదీన బెల్‌గ్రేడు పార్లమెంటు సభలోనే ఒక సభ్యుడు ఆయనపై తుపాకి కాల్చగా, ఆ గాయములతో ఆగస్టు 8వ తేదీన మరణించెను. క్రొయేషియా రైతులు ఆయన మార్పులను క్షమించిరి, ఏలయన ఆ మార్పులన్నింటిలోను ఆయన తమ మాటనే మాటలాడెనని వారికి నమ్మకము.

రైతు ఎన్నడును ఒంటరిగ ప్రభుత్వము నడుపజాలడు, ఎవరితోనో కలువవలయును. కలిసినప్పుడు కొంత పోగొట్టుకొనును, కలువనిచో మొత్తము పోగొట్టుకొనును. రైతుపార్టీల చరిత్ర, అచ్చటనైనను ఇచ్చటనైనను, ఈ రెండు నష్టముల మధ్య నడచిన చరిత్రయే.

మరల మన కథకు వత్తము. కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయెను. 1959వ సంవత్సరము జనవరిలో నాగపురమున జరిగిన కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానించెను. తన చేనిపై తనకు పెత్తనము పోవునని రంగాగారు భయపడిరి. జమీందారునుండి విడిపించుకొన్న భూమిని సంఘపు గుమాస్తాచేతిలో పెట్టుటయా అని ఆయన వాదము. రాజాజీగారితో కలిసి ఆ యేడే స్వతంత్ర పార్టీని నెలకొల్పి, దానికి అధ్యక్షులైరి. లచ్చన్నగారును ఆ పార్టీలో చేరి ఆంధ్రదేశమున దానికి ప్రధాననాయకులైరి. ఏ రాజాజీ మద్యనిషేధమునకు ఆద్యుడో ఆ రాజాజీతో కల్లుగీత సత్యాగ్రహ నాయకుడు ఒకే పార్టీలో కూర్చుండెను! అంతేకాదు, దేశమున స్వతంత్ర పార్టీకి అనేకచోట్ల రాజులు, సంస్థానాధిపతులు అండగానుండిరి. మందస కొండక్రింద గున్నమ్మకొరకు కన్నీరు కార్చిన రైతులకు ఈ చెలిమి ఎట్లు తోచియుండునో ఆలోచింపుడు. నా మట్టుకు నేను దీనిని లచ్చన్నగారి జీవితములో సమాధానపరుపరాని విషయముగనే ఎంచుచున్నాను. ఉమ్మడి సేద్యమును కాదనుటకు కారణములుండవచ్చును. కాని ఎవరి ప్రక్కను నిలిచి కాదనుచున్నామనుటయు ఒక విషయమే.

అయినను మన జిల్లా ఓటర్లు ఆయనను విడువలేదు. 1952, 1955, 1962, 1967 సంవత్సరములలో వరుసగ సోంపేట ప్రజలు ఆయననే శాసనసభకు పంపిరి. మొదటి రెండుమార్లు గుర్తు ఒకటి, తరువాతి రెండుమార్లు నక్షత్రము గుర్తు, మనిషి ఒక్కడే. 1962లో రాష్ట్రమున 300 స్థానములలో 19 గెలిచిన స్వతంత్ర పార్టీ, 1967లో 287 స్థానములలో 29 గెలిచినది.

ఆ 1967వ సంవత్సరముననే ఆయన జీవితమున కెల్ల నాకు ముచ్చటైన ఘట్టము జరిగెను. లచ్చన్నగారు సోంపేట శాసనసభ స్థానమునకును, శ్రీకాకుళము లోకసభ స్థానమునకును నిలిచి రెండింటను గెలిచిరి. గురువైన రంగాగారు మాత్రము చిత్తూరున ఓడిపోయిరి. ఒక్కరు రెండు స్థానములలోనుండరాదు కనుక ఒకటి విడువక తప్పదు. ఢిల్లీ పోయినచో పేరు ప్రతిష్ఠలు ఎక్కువ. లచ్చన్నగారు లోకసభ స్థానమును విడిచిరి. ఆ ఉపఎన్నికలో రంగాగారిని నిలిపి, ఇంటింటికి తిరిగి గెలిపించి పంపిరి. కృష్ణానది కావలి జిల్లానుండి వచ్చిన గురువును నాగావళి, వంశధారల ఓటర్లు తమవానిగ చేసికొనిరి. పదవిని ఎక్కుటకు నిచ్చెన వేసికొనువారిని మనమెల్లరము చూచియుంటిమి. ఎక్కినపిదప ఆ నిచ్చెనను మరియొకరికి అందించినవారెందరు?

గుణమును చెప్పినప్పుడు కొరతను దాచరాదు. అదే 1967వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన లేవిడివద్ద ఇద్దరు గిరిజనులు భూస్వాములవారి కాల్పులలో మరణించిరి. అటుపిమ్మట మూడు నాలుగేండ్లు మన కొండలు తుపాకుల మ్రోతతో నిండిపోయెను. మైదానమున రైతుల పేరట రెండు దశాబ్దములు నడచిన పార్టీలు కొండమీది సవరలకు, జాతాపులకు ఆసరా కాలేకపోయిరన్నమాట. షావుకారు అప్పులో భూమి పోగొట్టుకొన్న గిరిజనుడును కృషికుడే కదా! ఆ లోపము లచ్చన్నగారొక్కరిది కాదు, అన్ని పార్టీలదియును. కాని రైతునాయకుడని పేరొందినవాని విషయమున ఆ లోపము ఎక్కువగ కనబడును.

1972, 1973 సంవత్సరముల జై ఆంధ్ర ఉద్యమములో ఆయన ముందువరుసలో నిలిచిరి. ఆంధ్రమునకు ప్రత్యేకరాష్ట్రము కావలయునని కోరిన ఆ ఉద్యమము ఆరుసూత్రముల ఒప్పందముతో చల్లారెను. ఆయన కోరిన విభజన ఆయన జీవితకాలమున జరుగలేదు. 2014వ సంవత్సరము జూన్ 2వ తేదీన, మరియొక ప్రాంతమువారి కోరికపై జరిగినది. ఇక స్వతంత్ర పార్టీ 1974లో చరణ్‌సింగుగారి భారతీయ లోకదళములో కలిసెను. 1977లో అది జనతాపార్టీలో కలిసెను. 1978వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జనతా తరఫున 60 మంది ఎన్నికైరి. లచ్చన్నగారు ఆ పార్టీలోను మన రాష్ట్రపు పెద్దలలో ఒకరు. ఈలోపల రంగాగారు మరల కాంగ్రెసు చేరి, తరువాత గుంటూరునుండి లోకసభకు గెలుచుచు వచ్చిరి. ఈసారి శిష్యుడు గురువు వెంట పోలేదు. గురుభక్తి చేత ఢిల్లీ పదవిని విడిచినవాడే, అవసరము వచ్చినప్పుడు గురువు బాటనును విడిచెను. 1967వ సంవత్సరపు త్యాగము గ్రుడ్డిభక్తి కాదని దీనివలన తెలియుచున్నది.

2006వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున లచ్చన్నగారు పరమపదించిరి. తాటితోపులు నేటికిని మన తీరమున నిలిచియున్నవి. మద్యనిషేధమును 1995లో మరల తెచ్చిరి, 1997లో మరల సడలించిరి. తాగుడువలన చెడిన ఇంటి ఇల్లాలి మొర ఒకవైపు, వృత్తి పోయిన కార్మికుని మొర ఒకవైపు. ఆనాటి తగవు నేటికిని తీరలేదు.

పెద్దలారా, రచ్చబండమీది ప్రశ్నకు ఇప్పుడు నా సమాధానము చెప్పెదను. పక్షము మార్చిన నాయకుని మనము రెండు ప్రశ్నలడుగవలయును. మొదటిది: ఆయన మారినప్పుడు తాను ఎవరి కొరకు మాటలాడుచుండెనో ఆ ప్రజలను మార్చెనా? రెండవది: మారుటవలన ఆయనకు వచ్చినదెంత, పోయినదెంత? మొదటి ప్రశ్నకు లచ్చన్నగారి జీవితము చాలవరకు నిలుచును. కాంగ్రెసులోనున్నను, కృషికార్ లోక్ లోనున్నను, స్వతంత్రలోనున్నను, జనతాలోనున్నను, ఆయన సోంపేటవాడే, రైతువాడే, గీతకార్మికునివాడే. బారువ కదలకుండగనే దాని జిల్లా పేరు మారినట్లు, ఆయన నిలిచిన నేల అదే, పైనున్న పేరు మారినది. రెండవ ప్రశ్నకు లెక్క సరిచూచినచో, 1955లో మంత్రిపదవి వచ్చినది. తక్కిన మార్పులన్నింటను ఆయన అధికారమునుండి ప్రతిపక్షమునకే పోయిరి. లాభము చూచుకొనువాడు నడచు త్రోవ అది కాదు.

అయితే ఆ 1955వ సంవత్సరపు గీతకార్మికుని ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది: "నా చెరవాసమునకు ఫలమేమి?" దానికి లచ్చన్నగారి తరఫున నేను సమాధానము చెప్పజాలను. నాయకునియందు మనకు గౌరవమున్నదని ఆ ప్రశ్నను మరుగుపరుపరాదు. మన మధ్యకు వచ్చి ఓటడుగువానిని, ఏ పార్టీయని మాత్రమే కాక, నిన్న ఎవరిని వెంట తీసికొనిపోతివి, వారు నేడు ఎక్కడనున్నారు అని అడుగుటకు మనము అలవాటుపడినచో, ఆ ముసలి కార్మికునికి కొంతవరకైన న్యాయము జరిగినట్లగును.